చాటింపు నుంచి గెజిటు దాకా: వార్తను బయటపెట్టే మాటల పుట్టుక వెతకడం ఎట్లా

తప్పెట కొట్టి చెప్పినా, పంచాయతీ గోడకు కాగితం అంటించినా, గెజిటులో వేసినా, వాట్సాప్ గ్రూపులో పెట్టినా ఇప్పుడు అన్నింటికీ ఒకటే మాట రాస్తున్నాం: ప్రకటించారు. ఈ ఒక్క మాట మిగతావాటినన్నింటినీ మింగేస్తోంది. చాటడం, టముకు వేయడం, వెల్లడించడం, వెలువరించడం, జారీ చేయడం, బయటపెట్టడం, రచ్చకెక్కించడం ఒకటి కావు. ఒక్కో మాటలో ఒక పరికరమో, ఒక తావో దాగి ఉంది. ఒకదానిలో తోలువాద్యం, ఒకదానిలో ఆరుబయలు, ఒకదానిలో వీధి, ఇంకోదానిలో తాటాకు. ఆ దాగినదాన్ని బయటికి తీయడం నేర్చుకుంటే ఏ మాట ఎక్కడ వాడాలో దానంతటదే తెలుస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఈ పని చేయాలనుకునే విద్యార్థులకు, విలేకరులకు, పంచాయతీ కాగితాలు రాసేవారికి పనికొచ్చే పద్ధతి ఇది.

ముందు చెవితో వినండి

మాట చేతికి దొరకగానే నిఘంటువు తెరవకండి. ముందు నోటితో పలకండి. ఘోషణ, ఉద్ఘాటన, భేరి వంటి మాటల్లో ఒత్తక్షరం (ఘ, భ వంటి ఒత్తి పలికే అక్షరం) వినబడితే అచ్చతెలుగు కాదని వెంటనే అనుకోవచ్చు. శ, ష, ఋ ఉన్నా అంతే. కానీ దీన్ని తిరగేసి, ఒత్తు లేదు కాబట్టి తెలుగే అనుకుంటే బోల్తా పడతారు. ‘కబురు’ చూడండి. పల్లెటూరి నోట పుట్టినట్టే ఉంటుంది. అది అరబ్బీ ‘ఖబర్’. ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చి మన నోట ఒత్తు పోగొట్టుకొని, చివర ఉకారం తగిలించుకుంది. అదే ఖబర్‌కు ‘దార్’ చేరితే ఖబర్దార్, అంటే తెలిసి మసలుకో అని. కబురు పంపడం, ఖబర్దార్ అని బెదిరించడం ఒకే ఇంటి బిడ్డలని ఎవరికీ తోచదు.

తర్వాత మాట చివర చూడండి. ‘-ఆయించు’తో ముగిసే క్రియలు చాలావరకు హిందుస్తానీ నుంచి వచ్చినవి: దబాయించు, బనాయించు, ఉడాయించు, బజాయించు. అక్కడి ‘-ఆనా’కు మన ‘-ఇంచు’ అతికింది. కాబట్టి ‘ఢంకా బజాయించి చెప్పడం’లో ఢంకా ఒక్కటే కాదు, నుడికారం మొత్తం అటునుంచే వచ్చింది. ‘-నామా’ వస్తే ఫార్సీ. రాజీనామా అట్లాంటిదే. అయితే వీలునామాలో తోక మాత్రమే ఫార్సీ, తల ఇంగ్లీషు ‘విల్’. తోక చూసి మొత్తం మాటకు తీర్పు చెప్పకూడదన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మన మూడు జిల్లాల్లో ఈ దఫ్తరు (సర్కారు ఆఫీసు) మాటలు జాస్తిగా ఎందుకున్నాయో చరిత్ర చెబుతుంది. కడప, అనంతపురం ప్రాంతాలు 1800లో నిజాం నుంచి కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, వచ్చాయి. కర్నూలు 1839 దాకా నవాబుల కింద ఉండింది. హుకుం, తాఖీదు, జారీ, జాహీరు, ఇస్తిహారు అప్పటి కచ్చేరీల మాటలు. ఇస్తిహారు అంటే బహిరంగ ప్రకటన. దాని ధాతువులోనే పేరు మోగడమన్న అర్థం ఉంది, మషూర్ (పేరుమోసిన) కూడా అక్కడిదే. జాహీరు అంటే కంటికి కనబడేది. రాయదుర్గం దాటి బళ్లారి దారి పట్టారంటే కన్నడ బోర్డుల మీద ‘జాహీరాతు’ కనబడుతుంది. అక్కడ వ్యాపార ప్రకటనకు ఈనాటికీ అదే మాట. మనవైపు అది పాత కాగితాల్లోనే మిగిలింది.

చాటు: ఒక రాత, మూడు మాటలు

ఈ పనిలో మొదటి పెద్ద ఉచ్చు ఇదే. చాటు అంటే నలుగురికీ తెలిసేలా చెప్పడం. చాటు అంటే మరుగు కూడా: చెట్టు చాటు, చాటుమాటు. ఇవి కాక చాటుపద్యంలోని చాటు. ఒకే మాటకు అర్థం తలకిందులైందని కథలు అల్లేవారున్నారు. అవి వేరువేరు మాటలు. రాత ఒకటి కావడం కాకతాళీయం.

విడదీసే దారి ఇది. చాటుపద్యంలోని చాటు సంస్కృతం, ప్రియమైన పలుకు అని అర్థం. అందులోని ‘చ’ తాలవ్యం, అంగిలికి నాలుక తగిలి పలికేది. చెప్పడం అనే చాటులోని ‘చ’ చాప, చాకలి మాటల్లోలాగా దంత్యం, పళ్లకు నాలుక తగిలి పలికేది. పాత నిఘంటువులు దీన్ని ‘ౘ’ అని గుర్తు పెట్టి అచ్చువేశాయి. కొత్త అచ్చులో ఆ గుర్తు పోయింది కాబట్టి పెద్దవాళ్ల నోట పలికించి వినడమే మేలు. ఇక మరుగు అనే చాటు నామవాచకం. అది ‘చాటున’, ‘చాటుకు’ అని విభక్తులు తీసుకుంటుంది. చెప్పడం అనే చాటు క్రియ, ‘చాటాడు’, ‘చాటించాడు’ అవుతుంది. వాక్యంలో పెట్టి చూస్తే గందరగోళం ఉండదు.

ఇక పుట్టుక. తమిళంలో ‘చాఱ్ఱు’, కన్నడంలో ‘సారు’. తమిళంలో ఱ్ఱ ఉన్నచోట తెలుగులో ట రావడం వాడుకే. తమిళం పుఱ్ఱు మనకు పుట్ట, తమిళం చుఱ్ఱు మనకు చుట్టు. కాబట్టి చాఱ్ఱు మనకు చాటు కావడంలో వింత లేదు. ఇట్లా రెండు మూడు జంటలు ఒకే వరసలో మారితేనే చుట్టరికం రుజువైనట్టు. ఒక్క మాట పోలిక చూసి ‘ఇది తమిళం నుంచి వచ్చింది’ అని రాయడం చాలామంది చేసే పొరపాటు. చుట్టరికం వేరు, అప్పు వేరు. చాటు మనం తెచ్చుకున్నది కాదు, ఈ భాషలు పుట్టినింటినుంచి పంచుకున్న సొత్తు.

‘చాటింపు’లో ఇంకో మెలిక ఉంది. చాటు – చాటించు – చాటింపు. నడిమిది ప్రేరణార్థకం, అంటే ఒకరు ఇంకొకరిచేత చేయించేది. రెడ్డో కరణమో చెప్పిస్తాడు, తప్పెట పట్టినవాడు చెబుతాడు. చాటింపు అనే మాటలోనే ఆ ఇద్దరూ ఉన్నారు. అందుకే తన మాట తానే చెప్పుకొనేవాడి గురించి రాసేటప్పుడు ‘చాటుకున్నాడు’ అనాలి, ‘చాటింపు వేసుకున్నాడు’ అతకదు. ‘వేయడం’ ఎందుకంటారా, దెబ్బ వేయడం, దరువు వేయడంలో ఉన్న వేయడమే ఇది. చాటింపు వేయడం, దండోరా వేయడం, టముకు వేయడం, మూడింటిలోనూ కర్ర తోలు మీద పడుతోంది.

తప్పెట మాటలు

కోస్తాలో డప్పు, పలక అనేదాన్ని సీమలో తప్పెట అంటారు. టముకు ధ్వనిని బట్టి పుట్టిన పేరు. ఇట్లాంటి మాటలకు ధాతువు వెతకడం వృథా, చప్పుడే ధాతువు. దండోరా హిందీలోని ఢంఢోరాకు చుట్టం. డంగురం (చాటింపు) అనే మాట మనకూ కన్నడానికీ ఉమ్మడిది. 1994లో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాటంతో దండోరా అనే మాటకు కొత్త బరువు వచ్చింది. అంతకుముందు వేరేవాళ్ల హుకుం చాటిన వాద్యం ఆ రోజునుంచి వాయించేవాళ్ల సొంత మాట చెప్పింది. ఒక మాట అర్థం పుస్తకాల్లో కాక వీధిలో మారడాన్ని మన కళ్లముందే చూశాం. మాటకొకటిగా మీరు రాసుకునే కార్డు మీద ఈ అర్థాన్ని రెండో అర్థంగా తేదీతో సహా రాయాలి, అడుగున చిన్న గమనికగా కాదు.

తప్పెట చట్టంలోనూ ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 21వ ఆర్డరు, 54వ రూలు ప్రకారం స్థిరాస్తి జప్తు ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గర తప్పెట కొట్టిగానీ, ఆ చోట వాడుకలో ఉన్న వేరే పద్ధతిలోగానీ చాటాలి. నకలు ఆస్తిమీద కంటబడే చోటా, కోర్టు భవనం మీదా అంటించాలి. వేలం ప్రకటనకూ ఇదే దారి. పరారీలో ఉన్న నిందితుడి విషయంలో ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 84వ సెక్షన్ ప్రకారం ప్రకటనను అతడుండే ఊళ్లో నలుగురూ చూసే చోట చదివి వినిపించాలి, ఇంటికి అంటించాలి. హాజరు కావడానికి కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. చెవికి ఒకసారి, కంటికి ఒకసారి. చదువు రానివారికి తెలియలేదన్న మాట రాకూడదని చెవి, విననివారికి తెలియలేదన్న మాట రాకూడదని కన్ను. ఇట్లాంటి కాగితాన్ని తెలుగు చేసేటప్పుడు రెండు పనులకూ కలిపి ‘ప్రకటించవలెను’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే చట్టం అడిగిన ఒక పని మాయమవుతుంది. ‘తప్పెట కొట్టి చాటవలెను, నకలు అంటించవలెను’ అని విడదీసి రాయండి.

కంటికి చూపే మాటలు

అచ్చతెలుగులో వార్తను బయటపెట్టే మాటలు చాలావరకు వెలుగునుంచో, ఆరుబయటినుంచో పుట్టాయి. తెలుపు అంటే రంగు, తెలుపు అంటే చెప్పు. తెల్ల, తెల్లవారు, తేట, తెలియు, తెలియజేయు అన్నీ ఒక మూలానివే. మబ్బు విడిపోతే కనబడటం, విషయం విడిపోతే తెలియడం. వెల్లడి, వెలువడు, వెలుపల మాటల్లోది ‘వెలి’, బయట అని. వెలివేయడంలో ఉన్నదీ అదే. తమిళంలో ప్రచురణకు ‘వెళియీడు’ అంటారు, వెలుపల పెట్టడమని అర్థం.

వాడుకలో జాగ్రత్త: వెలువడు అకర్మకం, వెలువరించు సకర్మకం. తీర్పు వెలువడింది, న్యాయమూర్తి తీర్పు వెలువరించారు. ‘కోర్టు తీర్పు వెలువడించింది’ అని తరచు కనబడుతుంది, అది తప్పు. వెల్లడించడం వేరు: ముందు లోపల ఉన్న సంగతిని, కొందరికే తెలిసినదాన్ని బయటికి తేవడం. పరీక్షల తేదీలను ఎవరూ దాచలేదు కాబట్టి వాటిని ప్రకటిస్తారు. దర్యాప్తులో తేలినదాన్ని వెల్లడిస్తారు.

బయలు అంటే మైదానం. తమిళంలో వయల్, వరిమడి. తమిళం ‘వ’ ఉన్నచోట కన్నడం ‘బ’ పలుకుతుంది. వేరుకు కన్నడంలో బేరు అన్నట్టు. తెలుగు మామూలుగా ‘వ’నే నిలుపుకుంటుంది, బయలు మాత్రం కన్నడంవైపు నిలిచింది. దీనినుంచే బయట, బయటపెట్టు, బయలుపడు. బట్టబయలు దగ్గర చాలామంది జారిపడతారు. బట్ట విప్పినట్టు బయటపడటమని వివరిస్తారు. అక్కడ బట్ట లేనే లేదు. కడ + కడ కట్టకడ, పగలు + పగలు పట్టపగలు, చివర + చివర చిట్టచివర అయినట్టే బయలు + బయలు బట్టబయలు. బాలవ్యాకరణంలో ఆమ్రేడిత సంధి దగ్గర చెప్పిన ద్విరుక్త టకారమే (రెట్టించిన ట, అంటే ‘ట్ట’) ఇది. మాట ఒకటే రెండుసార్లు వచ్చి గట్టిపడింది.

రచ్చ అచ్చతెలుగులా వినబడినా కాదు. సంస్కృతం రథ్యా, రథం నడిచే వీధి. ప్రాకృతంలో రచ్ఛా, మన నోట రచ్చ. రచ్చబండ, రచ్చకట్ట వీధిలో నలుగురూ కూర్చొనే చోటు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నప్పుడు రచ్చ అంటే గొడవ కాదు, ఇంటి బయటి లోకం. ఇంటి సంగతి వీధికి వచ్చిందంటే గొడవే కాబట్టి ‘రచ్చ చేయడం’ ఆ అర్థం తెచ్చుకుంది. బహిరంగం కూడా ఇట్లాంటిదే: బహిః అంటే బయట, రంగం అంటే ఆటస్థలం.

ప్ర- మాటలు

వార్తాపత్రికల భాషను ఏలేవి ఇవే: ప్రకటన, ప్రచురణ, ప్రచారం, ప్రసారం. ముందున్న ‘ప్ర’ను పక్కన పెడితే తేడా కనబడుతుంది. ప్రచారంలో ‘చర్’, నడవడం. మనిషి వెంట ఊరూరా తిరిగేది ప్రచారం. ప్రసారంలో ‘సృ’, పారడం, పాకడం. గాలిలో వ్యాపించేది. కాబట్టి రేడియోకు ప్రసారం సరిగ్గా కుదిరింది. ప్రచురణ ‘ప్రచురం’ నుంచి వచ్చింది, అంటే సమృద్ధి. ఒక ప్రతిని వెయ్యి చేయడమన్నమాట. ఒకే ఒక కాగితాన్ని గోడకు అంటించి ‘ప్రచురించాం’ అంటే మాటకు తగదు. ప్రకట అంటే స్పష్టంగా కనబడేది, వికట, సంకట, ఉత్కటల కోవలోది. ఈ నాలుగింటిలో అర్థం అతి వెడల్పుగా ఉన్నది ప్రకటనే. నాయకుడి మాట, ప్రభుత్వ నోటీసు, సబ్బు వ్యాపారం అన్నీ దానిలోకే వస్తాయి. అందుకే అది చివరి ఎంపిక కావాలి: వేరే ఏ మాటా అతకనప్పుడు వాడవలసింది.

జారీ గురించి ఒక హెచ్చరిక. తెలుగు ‘జారు’ నుంచి వచ్చిందని అనిపిస్తుంది. అది అరబ్బీ ‘జారీ’, పారుతున్నది. ప్రసారం, జారీ రెండూ వేరువేరు భాషల్లో పుట్టి ప్రవాహం దగ్గర కలుసుకున్నాయి.

వార్త విచిత్రమైనది. పాత అర్థశాస్త్ర పరిభాషలో వార్త అంటే సేద్యం, పశుపోషణ, వ్యాపారం. వృత్తి, వృత్తాంతం, వార్త ఒక ధాతువువే. బతుకుదెరువు, బతుకులో జరిగింది, జరిగినదాని కబురు. పత్రిక పత్రం నుంచి, అంటే ఆకునుంచి. సీమలో ‘పెండ్లి పత్రిక’ అన్నప్పుడు కూడా ఆ ఆకే. అనంతపురంలో 1926లో పప్పూరు రామాచార్యులు మొదలుపెట్టిన సాధన పత్రికలోనూ ఆ ఆకే. గెజిటు వెనీసు నాణెం ‘గజేటా’ పేరు. వార్తల కాగితం ఖరీదు ఆ నాణెం. గెజిటెడ్ ఆఫీసరంటే నియామకం గెజిటులో అచ్చయిన అధికారి. ఆకాశవాణి పురాణాల్లో మనిషి కనబడకుండా వినబడే మాట. మైసూరులో 1935లో ఎం.వి. గోపాలస్వామి నడిపిన రేడియో కేంద్రానికి ఆ పేరు పెట్టారు. తర్వాత దేశమంతటికీ అదే పేరైంది. కడప కేంద్రం 1963లో వచ్చింది.

నిఘంటువు తెరవడం

అనుమానాలు రాసుకున్నాకే నిఘంటువు. పాతవాటిలో ‘ప్రకటన’ దొరక్కపోతే ‘ప్రకటనము’ చూడండి. ‘చాటింపు’ లేకపోతే ‘చాటు’ కింద వెతకండి. 1885 నాటి శబ్దరత్నాకరంలో ‘దే.’ అంటే దేశ్యం (అచ్చతెలుగు), ‘సం.’ అంటే సంస్కృతం, ‘వై.’ అంటే వైకృతం (సంస్కృత ప్రాకృతాల నుంచి రూపు మారి వచ్చినది). రచ్చ వంటివి ఈ చివరిదానిలోకి వస్తాయి. కచ్చేరీ మాటలు అందులో తక్కువ. వాటికి బ్రౌన్ దొర 1854లో విడిగా వేసిన మిశ్రభాషా నిఘంటువు కావాలి. ఆయన 1820లో ఉద్యోగానికి కడపకు వచ్చాడు. ఈ కాగితాల మధ్యే తెలుగు నేర్చాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో ఆయన పేరున గ్రంథాలయం ఉంది. ఆయన పెద్ద నిఘంటువులో ‘హిందుస్తానీ’ గుర్తు ఉంటే పని అయిపోయిందనుకోకండి. దానివెనక ఫార్సీ ఉందా అరబ్బీ ఉందా అన్నది ఇంకో మెట్టు. దేశ్యమని ఉంటే బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువుకు వెళ్లండి. 1961 నాటిది కాకుండా 1984 నాటి రెండో కూర్పు వాడండి, అందులో మాటల వరస అంకెలు మారాయి.

రాళ్లనూ చూడండి. గుత్తి – పత్తికొండ దారిలోని ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి పద్నాలుగు ధర్మలిపులూ ఉన్నాయి. నాలుగోదానిలో భేరీఘోష ధర్మఘోష అయిందన్న మాట ఉంది. మన నేలమీద చాటింపు వాద్యం పేరు దొరికే అతి పాత రాతల్లో అదొకటి, భాష మాత్రం ప్రాకృతం. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతపు ధనంజయుడి శాసనం తెలుగుది. ‘శాసనం’ అంటే మొదట ఆజ్ఞ. రాయి అనే అర్థం తర్వాత అంటుకుంది. శాసనసభలో పాత అర్థమే బతికి ఉంది.

ఊళ్లో అడగడం

పుస్తకాల్లో లేనివి తలారుల దగ్గర, తప్పెట కళాకారుల దగ్గర, పెద్ద ముత్తవ్వల దగ్గర ఉంటాయి. ‘దండోరా అంటే అర్థమేంది పెద్దాయనా?’ అని అడిగితే పని జరగదు. మీ నోట వచ్చిన మాటనే మర్యాదకు తిరిగి చెబుతారు. ‘జాతర తేదీ ఊరికి ఎట్లా తెలిసేది? ఎవరు చెప్తాండిరి? యాడ నిలబడి? ఏమని?’ అని అడగండి. మాట దానంతటది రావాలి. పూర్తి వాక్యం రాసుకోండి, విడి మాట కాదు. ఊరు, మండలం, వయసు రాయండి. పేరు మాత్రం అనుమతి ఇస్తేనే. ‘వెట్టి’ వంటి మాటలు కొన్ని ఇళ్లలో గాయం. అవి మీరు ముందుగా అనకండి, వాళ్లు అంటే తలవంచి వినండి. ఒక మాటను కనీసం మూడు ఊళ్లలో, ఒకరికొకరు తెలియని మనుషుల దగ్గర వింటేనే ప్రాంతపు మాటగా రాయండి.

చాటింపు మొదటి వాక్యాన్ని అందరిచేతా చెప్పించండి: ‘ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా’. ఇందులో యావన్మంది ఒక నిధి. సంస్కృతం యావత్, తెలుగు మంది. త్ తర్వాత మ వస్తే న్ కావడం సంస్కృత సంధి. దాన్ని తెలుగు మాటకు తగిలించారు. పండితులు దీన్ని వైరి సమాసమంటారు. కచ్చేరీ నుంచి వీధికి వచ్చేసరికి రెండు భాషలు ఇట్లా ముడిపడ్డాయి.

ఇప్పుడు ఆటో మైకుకు చాటింపు రాసేవారు ఆ వాక్యాన్ని ఉంచండి. జనం తల తిప్పడానికి అది చాలు. దాని తర్వాత మాత్రం 40 మాటలు దాటనివ్వకండి. ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు రావాలి. తేదీ, వారం రెండూ చెప్పి, చివర మళ్లీ ఒకసారి చెప్పండి. ఆటో కదులుతూ ఉంటుంది కాబట్టి ఒక ఇంటికి సగమే వినబడుతుంది. ‘నిర్వహించబడును’ వద్దు, ‘జరుగుతుంది’ చాలు. కాగితం మీద నోటీసు అంటిస్తే కింద ‘అంటించిన తేదీ’ రాయండి. గడువు లెక్కపెట్టడానికి అది కావాలి.

రెండు వ్యుత్పత్తులు పోటీపడితే కార్డు మీద రెండూ రాసి, ధ్వని నియమం దేనికి కుదిరిందో గుర్తు పెట్టండి. కథ బాగున్న వ్యుత్పత్తిని కిందకు, నియమానికి కట్టుబడినదాన్ని పైకి.